గెలిచిందెవరో మాకు చెప్పకండి

ఎన్నికల ముందు పార్టీల నాయకులు టీవీలో ఎదురెదురుగా నిలబడి వాదించుకున్నప్పుడల్లా ఒక మాట తప్పకుండా వినబడుతుంది. "జనం మాటలు వింటారటండీ? మొహాలు చూస్తారు. అందులోనూ ఆడవాళ్ళ సంగతి సరేసరి. ఎవడి సూటు బాగుంటే వాడికే ఓటు!" ఈ మాట అనేవారిలో పండితులున్నారు, పత్రికలవాళ్ళున్నారు, పడక్కుర్చీలోంచి లేవకుండా ఇంకో గ్లాసు కాఫీ కోసం కేకేసే మన ఇళ్ళలోని మేధావులూ ఉన్నారు. అరవయ్యేళ్ళకు పైగా అంటూనే ఉన్నారు. అనగా అనగా అదొక వేదవాక్యమై కూర్చుంది. అది వేదమూ కాదు, వాక్యమూ కాదు, ఉత్త నింద అని చెప్పడానికే ఈ నాలుగు ముక్కలూ.

ఈ నిందకు పుట్టిల్లు అమెరికా. 1960 సెప్టెంబరు 26న షికాగోలో కెనడీ, నిక్సన్ టీవీ కెమెరాల ముందు నిలబడ్డారు. దాదాపు ఏడు కోట్ల మంది చూశారు. నిక్సన్ అంతకు కొద్దివారాల ముందే మోకాలి జబ్బుతో ఆసుపత్రిలో పడుకుని వచ్చాడు. మనిషి చిక్కిపోయి ఉన్నాడు. వేసుకున్న బూడిదరంగు సూటు వెనకున్న గోడలో కలిసిపోయింది. పైగా చెమటలు. కెనడీ ముదురురంగు సూటులో నవనవలాడుతూ వచ్చాడు. ఇంకేముంది, రేడియోలో విన్నవాళ్ళంతా నిక్సన్ గెలిచాడన్నారనీ, టీవీలో చూసినవాళ్ళంతా కెనడీ గెలిచాడన్నారనీ ఒక కథ పుట్టింది. దానికి తోకగా, అందగాణ్ణి చూసి ఆడవాళ్ళు ఓట్లు గుమ్మరించారనే మాట అతుక్కుంది.

ఆ రేడియో కథకు ఆధారమేమిటయ్యా అని తరవాత కొందరు పరిశోధకులు తవ్వి చూస్తే, తేలింది ఒకే ఒక్క సర్వే. అందులో రేడియో విన్నవాళ్ళు బహు కొద్దిమంది. వాళ్ళు చర్చకు ముందే ఎటు మొగ్గి ఉన్నారో ఆ లెక్కలో లేదు. ఇక ఆడవాళ్ళ సంగతి. ఆ ఎన్నికల మీద గ్యాలప్ సంస్థ తీసిన లెక్క ప్రకారం మగవాళ్ళలో 52 శాతం కెనడీకి వేశారు. ఆడవాళ్ళలో 51 శాతం ఎవరికి వేశారో తెలుసా? చెమటలు పట్టిన నిక్సన్‌కి! ఔరా, అందగాడి వెంటబడ్డది ఎవరు మరి? ఈ లెక్క అరవయ్యేళ్ళుగా అచ్చులో ఉంది. అయినా నింద నింద లాగే ఉంది. లెక్క చూసే ఓపిక లేకపోతే ఆడవాళ్ళ మీద తోసెయ్యడం తేలిక కదా!

బొమ్మకు బలం లేదని నేననను. 2003లో అచ్చయిన ఒక పరిశోధనలో, ఆ పాత చర్చనే కొందరికి టీవీలో చూపించారు, కొందరికి శబ్దం మాత్రం వినిపించారు. చూసినవాళ్ళలోనే కెనడీ గెలిచాడన్నవాళ్ళు ఎక్కువ. నిజమే. కానీ అదే పరిశోధనలో ఇంకో సంగతి కూడా తేలింది. చూసినవాళ్ళు విన్నవాళ్ళకంటే ఎక్కువ విషయాలు గ్రహించారు! ఈ రెండో సంగతి ఎవరూ చెప్పరు.

ఒకసారి మా పెద్దబావగారు నన్ను నిలదీశారు. "ఏమ్మా, నవలలు రాస్తావు కదా, నిజం చెప్పు. ఆడవాళ్ళు మొహం చూడరంటావా?"

"చూస్తాం బావగారూ. ఎందుకు చూడం?" అన్నాను. "మొహం చూడకపోతే అబద్ధం ఎలా తెలుస్తుంది?"

ఆయన మళ్ళీ పేపరు అడ్డం పెట్టుకున్నారు.

నిజం కాదూ? మధ్యాహ్నం పూట వచ్చిన చుట్టం "తినే వచ్చానమ్మా" అంటే తిన్నాడో లేదో మనం ఎలా కనిపెడతాం? "చుక్క నీళ్ళు కలపలేదమ్మా, ఒట్టు" అని పాలవాడు అంటే ఎటు చూస్తాం? కాలేజీ నుంచి ఆలస్యంగా వచ్చిన పిల్ల "ఏం లేదమ్మా" అంటే ఆ ఏం లేకపోవడంలో ఎంత ఉందో మొహం చూసే కదా తెలుసుకుంటాం! మాటకూ మొహానికీ పొత్తు కుదిరిందా లేదా అని చూడటం తెలివితక్కువ అయితే, ఈ దేశంలో సంసారాలన్నీ తెలివితక్కువతోనే నడుస్తున్నాయనుకోవాలి.

ఇక ఇంగ్లండుకు వద్దాం. అక్కడ పార్టీల నాయకులు మొట్టమొదటిసారి టీవీలో చర్చకు దిగింది 2010లో. ఏప్రిల్ 15, 22, 29 తేదీల్లో మూడు చర్చలు. గోర్డన్ బ్రౌన్ అప్పటి ప్రధాని. డేవిడ్ కామెరాన్ ప్రతిపక్ష నాయకుడు. మూడో ఆయన నిక్ క్లెగ్, లిబరల్ డెమొక్రాట్ల నాయకుడు. ముందుగా 76 నిబంధనలు రాసుకున్నారు. ఎదుట కూర్చున్న జనం మధ్యలో చప్పట్లు కూడా కొట్టకూడదు. మన పెళ్ళిళ్ళకు కూడా అన్ని షరతులుండవు! మొదటి చర్చను 94 లక్షల మంది చూశారు. క్లెగ్ సూటిగా కెమెరా వంక చూస్తూ, ప్రశ్న అడిగినవాళ్ళను పేరుపెట్టి పలకరిస్తూ మాట్లాడాడు. ప్రధానమంత్రి అంతటివాడు "నిక్‌తో ఏకీభవిస్తున్నాను" అని ఒకటికి రెండుసార్లు అన్నాడు. చర్చ ముగియగానే యూగవ్ సంస్థ ఎవరు నెగ్గారని అడిగితే 51 శాతం క్లెగ్ అన్నారు, 29 శాతం కామెరాన్, 19 శాతం బ్రౌన్. మర్నాటినుంచి పత్రికల్లో క్లెగ్ జ్వరం. కొత్త సూర్యుడు పొడిచాడన్నారు. జనం వెర్రెత్తిపోయారన్నారు.

జనం వెర్రెత్తారా? మే 6న ఓట్లు వేశారు. క్లెగ్ పార్టీకి 2005లో 22 శాతం ఓట్లు వస్తే ఈసారి 23 శాతం వచ్చాయి. సీట్లు 62 నుంచి 57కి తగ్గాయి. ఎక్కువ ఓట్లు వచ్చినవాడే నెగ్గే పద్ధతి గనక సీట్ల తగ్గుదలకు కారణాలు వేరే ఉండవచ్చు. ఓట్ల వాటా మాత్రం అబద్ధమాడదు కదా. "ఈ రాత్రి బాగా మాట్లాడావు నాయనా" అనడం వేరు, "తాళంచెవులు పుచ్చుకో" అనడం వేరు. పెళ్ళిచూపుల్లో అబ్బాయి చక్కగా మాట్లాడాడని మెచ్చుకుని, సంబంధం మాత్రం విచారించాకే ఖాయం చేసుకునే తల్లిలాగా ఉన్నారు ఆ జనం. వెర్రెత్తింది పత్రికలకే!

చూసేవాళ్ళను నిజంగా పెడదారి పట్టించేది ఇంకొకటి ఉంది. దాన్ని అక్కడ 'వర్మ్' అంటారు. అంటే వానపాము. కొన్ని పదుల మందిని ఒక గదిలో కూర్చోబెట్టి చేతికో మీట ఇస్తారు. నాయకుడి మాట నచ్చితే ఇటు, నచ్చకపోతే అటు తిప్పాలి. వాళ్ళు తిప్పినదంతా కలిపి తెర అడుగున ఒక గీతగా వేస్తారు. నాయకుడు మాట్లాడుతున్నంతసేపూ అది వానపాములా పైకీ కిందికీ మెలికలు తిరుగుతూ ఉంటుంది. ఇంట్లో కూర్చున్న మనం నాయకుడి మాట వినాలా, పాము నాట్యం చూడాలా?

2010 మూడో చర్చ సమయంలో లండన్ రాయల్ హాలోవే, బ్రిస్టల్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు 150 మందికి చర్చను చూపించారు. తెరమీద వానపామునూ చూపించారు. అయితే ఆ వానపాము దొంగది. ఒక జట్టుకు బ్రౌన్ మాట్లాడినప్పుడు లేచేలా, రెండో జట్టుకు క్లెగ్ మాట్లాడినప్పుడు లేచేలా తయారుచేశారు. తరవాత అడిగితే, వానపాము ఎవరి పక్షాన లేచిందో వాళ్ళే నెగ్గారని చెప్పినవాళ్ళు ఎక్కువయ్యారు. ప్రధానిగా ఎవరు కావాలంటే ఆ జవాబు కూడా మారింది. ఒకే చర్చ, ఒకే మొహాలు, అవే సూట్లు! మారింది గీత ఒక్కటే. 2011లో ఈ పరిశోధన అచ్చయింది. చర్చ సాగుతుండగా ఇలాంటి గీతలు చూపించడం గురించి మళ్ళీ ఆలోచించండి మహాప్రభో అని వాళ్ళు మొత్తుకున్నారు.

వానపాము శక్తి సామాన్యమైనది కాదు సుమండీ! న్యూజిలాండులో 2002 టీవీ చర్చలో పీటర్ డన్ అనే చిన్న పార్టీ నాయకుడు నోరు విప్పినప్పుడల్లా అది పైకి ఎగబాకింది. అంతకుముందు ఒక్క సీటున్న ఆయన పార్టీకి ఆ ఎన్నికల్లో ఎనిమిది సీట్లు వచ్చాయి. 2005 వచ్చేసరికి మూడు మిగిలాయి. ఆస్ట్రేలియాలో 2007 చర్చలో వానపాము వద్దని నిర్వాహకులు ముందే అనుకున్నా, ఒక ఛానెల్ దాన్ని చూపించేసరికి మధ్యలో వాళ్ళకు ప్రసారం కత్తిరించారు.

కాబట్టి మొహం చూసి మోసపోయారని మమ్మల్ని ఆడిపోసుకునే పెద్దలారా, మొహం చూడనివ్వకుండా మధ్యలో గీత గీస్తున్నది ఎవరు? చర్చ ముగిసీ ముగియకముందే "ఫలానా వారు మట్టికరిపించారు" అని ఢంకా బజాయించేది ఎవరు? మన తెలుగు ఛానెళ్ళలో రాత్రి చర్చ చూడండి. ఆరుగురు ఆరు గడుల్లోంచి ఒక్కసారే అరుస్తారు. ఎవరేమన్నారో ఆ దేవుడికే తెలియాలి. పొద్దున్నకల్లా అందులో రెండు నిమిషాల ముక్క ఫోనుల్లోకి వస్తుంది, పైన "చెడుగుడు ఆడేశాడు" అని అట్టతో సహా. మనం చూడకముందే మన అభిప్రాయం తయారై వస్తుందన్నమాట!

జనం మీద, అందులోనూ ఆడమనిషి మీద, లోపల ఎంత చిన్నచూపు ఉంటుందో ఒకసారి ఇంగ్లండులో బయటపడింది. 2010 ఏప్రిల్ 28న, అంటే మూడో చర్చకు సరిగ్గా ముందురోజు, రోచ్‌డేల్ ఊళ్ళో ఒక పెద్దావిడ ప్రధాని బ్రౌన్‌ను ఆపి దేశం అప్పుల గురించి, వలసల గురించి నిలదీసింది. ఆయన నవ్వుతూ జవాబు చెప్పి కారెక్కాడు. చొక్కాకున్న మైకు తియ్యడం మరిచాడు. ఆవిడ మూర్ఖపు మనిషని ఆయన లోపల అన్నమాట లోకమంతా విన్నది. తరవాత ఆవిడ ఇంటికి వెళ్ళి క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది. ఆవిడ అడిగినవన్నీ ఒప్పో తప్పో, అది వేరే సంగతి. అడిగింది మాత్రం ఆయన సూటు గురించి కాదు!

మరి చూసేవాళ్ళు అడగవలసిన అసలు ప్రశ్న ఏమిటి? "ఎవరు నెగ్గారు?" అన్నది కానే కాదు. "ఏమిస్తానన్నాడు? ఇచ్చాడా?" అన్నది. ఆ ఎన్నికల ముందే విశ్వవిద్యాలయాల ఫీజు పెంచే ప్రతిపాదనకు వ్యతిరేకంగా ఓటేస్తామని క్లెగ్, ఆయన పార్టీ అభ్యర్థులూ విద్యార్థుల ముందు సంతకాలు పెట్టారు. కామెరాన్‌తో కలిసి ప్రభుత్వంలో చేరారు. 2010 డిసెంబరులో ఫీజు గరిష్ఠ పరిమితిని 9,000 పౌండ్లకు పెంచే తీర్మానానికి క్లెగ్ స్వయంగా ఓటేశాడు. 2012లో క్షమాపణ చెప్పాడు. 2015లో ఆయన పార్టీకి మిగిలినవి ఎనిమిది సీట్లు. ఓటర్లు ఐదేళ్ళు లెక్క గుర్తుంచుకున్నారు. ఏ వానపామూ వాళ్ళకు ఈ లెక్క చెప్పలేదు.

మన దేశంలో ప్రధాని పదవికి పోటీపడే నాయకులు ఇలా ఎదురెదురుగా నిలబడ్డ ఘట్టం ఇంతవరకూ లేదు. 2024 మేలో ఇద్దరు మాజీ న్యాయమూర్తులు, ఒక సీనియర్ పాత్రికేయుడు కలిసి మోదీకీ, రాహుల్ గాంధీకీ ఉత్తరం రాశారు, బహిరంగ చర్చకు రమ్మని. రాహుల్ సరేనన్నారు. చర్చ జరగలేదు. ఎప్పటికైనా జరుగుతుందనే నా ఆశ. జరిగిననాడు నావి మూడే కోరికలు. తెరమీద గీతలు వద్దు. చర్చ ముగిసిన రాత్రి తీర్పులు వద్దు. ఏడాది తిరిగాక అదే రోజున, అదే ఛానెల్లో, అదే చర్చ మళ్ళీ వేసి, ప్రతి వాగ్దానం దగ్గరా ఆపి, అయిందా కాలేదా అని అడగాలి.

మూడోది వాళ్ళు చెయ్యరని నాకు తెలుసు. అందుకే ఆ పని మనమే చేద్దాం. పాలవాడు రాని రోజున క్యాలెండర్లో సున్నా చుట్టడం మనకు ఎవరు నేర్పారు? నెలాఖరున "అమ్మా, ఒక్కరోజే కదా మానేసింది" అంటే, వేలుపెట్టి మూడు సున్నాలు చూపించడం లేదూ? చర్చ జరిగిన రాత్రి ఆ తేదీ కింద నాయకుడి మాట ఒక్కటి, ఒకే ఒక్కటి, రాసిపెట్టుకోండి. పిల్లల చదువు గురించి అన్నదో, గ్యాసు ధర గురించి అన్నదో, మీకు పట్టింపున్నదేదో అది. క్యాలెండర్ మార్చినప్పుడు ఆ కాగితం చింపి దాచండి. మళ్ళీ ఓట్లకు వస్తారు కదా, గుమ్మంలోనే చూపిద్దాం.

గెలిచిందెవరో మేం చూసుకుంటాం. మీరు దయచేసి చర్చ సాంతం విననివ్వండి.