తలగాయము మానినను తలనొప్పి మానకున్నచో

మోటారు సైకిలు మీదినుండియో, మేడమెట్ల మీదినుండియో పడి తలకు దెబ్బ తగిలించుకొన్నవారు మన కుటుంబములలో పెక్కురు కలరు. నెత్తురు కారినంతసేపు ఇంటిల్లిపాదియు కంగారుపడుదురు. కుట్లు విప్పిన పిమ్మట ఆ సంగతియే మరతురు. రోగి నెలల తరబడి తలపోటని మూలిగినచో, "స్కానులో ఏమియు లేదనిరి గదా, ఇది పని తప్పించుకొను సాకు" అందురు. ఈ మాట అన్యాయమని మా అభిప్రాయము.

దెబ్బ తగిలిన 7 దినములలో మొదలై 3 నెలలకు మించి నిలిచిన తలనొప్పిని వైద్యశాస్త్రము ప్రత్యేకవ్యాధిగా గుర్తించియున్నది. ఎముక విరిగినను, రక్తము చేరినను స్కాను చూపును గాని నొప్పిని చూపజాలదు. కొందరికి అది పార్శ్వపునొప్పివలె ఒక ప్రక్క కొట్టుకొనును, వెలుతురు గిట్టదు. కొందరికి మెడనుండి పైకి ప్రాకును. గుడియాత్తములో దినమెల్ల మగ్గముపై వంగియుండు నేతగాడు మెడ సంగతి వైద్యునికి తప్పక చెప్పవలెను. మొదటిదానికి మందులు వేరు, రెండవదానికి మెడ వ్యాయామము ముఖ్యము.

మనవారు చేయునదేమి? అంగడిలో మాత్ర కొని మింగుదురు. నెలకు 15 దినములు, అంతకు మించియు, 3 నెలలకు పైగా మింగినచో ఆ మాత్రయే తలనొప్పిని పెంచి పోషించును. కొన్ని మిశ్రమ మాత్రలకు నెలకు 10 దినములే చాలును.

వృద్ధుల విషయమున మాత్రము ఉపేక్ష ప్రాణాంతకము. చిన్నదెబ్బ తగిలిన కొన్ని వారములకు సైతము పుర్రెలోపల రక్తము మెల్లమెల్లగా చేరవచ్చును; రక్తమును పలుచబరచు మందులు వాడువారికి ఈ భయము హెచ్చు. నొప్పి దినదినము పెరుగుట, వాంతులు, మగత, మాట తడబాటు, ఒక ప్రక్క కాలుసేతులు పట్టుదప్పుట, మూర్ఛ: వీనిలో ఏది కనబడినను తెల్లవారుదాక ఆగక 108కి ఫోను చేయవలెను.

మనము వైద్యమునకై దూరదేశము పోనక్కరలేదు. భారతదేశమున మొట్టమొదటి నాడీశస్త్రచికిత్సా విభాగమును డాక్టరు జేకబ్ చాండీ 1949లో మన రాయవేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలోనే నెలకొల్పెను. చిత్తూరు సీమనుండి రోగులు వచ్చుచుండుటచే తెలుగు అక్కడ క్రొత్త భాష కాదు. అయినను మన యువకులు పెద్దలను ప్రక్కకు నెట్టి, "తలవలి" అని ఒక్క తమిళపదముతో ముగించుచున్నారు. పోటు, సలుపు, దిమ్ము, బరువు, తలతిరుగుడు ఒకటియేనా? బాధ పడువారినే తమ మాటలలో చెప్పనిచ్చి, వైద్యునికి తెలియనిచో అటుపిమ్మట తర్జుమా చేయుడు. దెబ్బ తగిలిన తేదీ, నొప్పి మొదలైన తేదీ, నెలలో ఎన్నిదినములు ఏ మాత్ర మింగినదియు ఒక కాగితమున వ్రాసికొని పోవుడు.