హాతిమ్ ఊరిలో ఒక గాదె

అజా, సల్మా కొండల సీమ హాయిల్. దాతృత్వానికి మారుపేరైన హాతిమ్ తాయి ఈ నేలవాడే. ఇక్కడ రాత్రి విధుల నడుమ సిద్ధార్థ ముఖర్జీ ‘ది ఎంపరర్ ఆఫ్ ఆల్ మాలడీస్’ (2010) మళ్ళీ చదివాను. అందులో యల్లాప్రగడ సుబ్బారావు ముఖ్యంగా ల్యుకీమియా కథలో, ఫార్బర్ వాడిన యాంటీఫోలేట్ల వెనుక కనబడతారు. నేను చదివిన తెలుగు వ్యాసాలూ ఆయనను మందుల పట్టికతోనే కొలిచాయి. నా పేచీ అక్కడే.

1929లో ఫిస్క్‌తో కలిసి ఆయన కండరంలో ఏటీపీని గుర్తించారు. గుండె కణం కాల్షియాన్ని లోపలి జాలకమనే గాదెలో దాస్తుంది. కణద్రవంలో విడిగా తిరిగేది వెలుపలి దానిలో దాదాపు పదివేలవ వంతే. గాదె తలుపు తెరుచుకుంటే గుండె ముడుచుకుంటుంది. కాల్షియాన్ని తిరిగి తోడిపోస్తేనే సడలుతుంది. తోడే పంపుకు కూలి, రెండు అయాన్లకు ఒక ఏటీపీ. విశ్రాంతికీ ఖర్చుందన్నమాట! హాతిమ్‌లా ఉన్నదంతా కుమ్మరించి ఊరుకుంటే కణం చస్తుంది. మరణించాక దేహం కొయ్యబారేది కూడా ఏటీపీ అడుగంటినందువల్లనే.

ఈ గాదె గుట్టును హాసెల్‌బాక్, ఎబాషి 1960ల తొలినాళ్ళలో విప్పారు. సుబ్బారావు 1948లోనే కన్నుమూశారు.

ముఖర్జీని తప్పుపట్టను, ఆయన రాసింది క్యాన్సర్ చరిత్ర. తెలుగులో సుబ్బారావు జీవితం రాయబోయేవారు మాత్రం ఆరియోమైసిన్ కంటే ముందు, గుండె సడలడం గురించి ఒక అధ్యాయం రాయాలి. అది నేను కొని చదువుతాను.