అవ్వ సంతకం పెట్టిన కాగితం

పోయిన ఏడు మా అవ్వను సూళగిరి నుంచి ఒక కంటి ఆసుపత్రికి తోడుకొని పోయినాను. అవ్వకు చాన్నాళ్లుగా చక్కెర జబ్బు. కంట్లో చుక్కలు వేసి, కాసేపు కూర్చోబెట్టి, లోపలి ఫోటో తీసినారు. తరవాత ఒకామె వచ్చి, ఇక్కడ ఒక చిన్న పరిశోధన జరుగుతా ఉంది, ఈ ఫోటోను అందులో వాడుకోవచ్చునా అని నాలుగు పేజీల కాగితం ఇచ్చింది. అది తమిళంలో ఉంది. మా నాయన తమిళం, అమ్మ తెలుగు. నేను తమిళ బడిలో చదివినదాన్ని, చదవగలను. అవ్వ చిన్నప్పుడు తెలుగు బడికి పోయింది. తమిళం మాట్లాడుతుంది గానీ చదవలేదు.

"ఏముంది పాపా దాంట్లో?" అని అడిగింది.

బస్సుకు టైమవుతా ఉంది. "ఏమీ లేదవ్వా, ఫోటో తీసినారు కదా, దానికే. పెట్టు" అన్నాను. గుండ్రని తెలుగు అక్షరాల్లో సంతకం పెట్టింది. ఇష్టం లేకుంటే వద్దనవచ్చు, మధ్యలో మానుకోవచ్చు, అందువల్ల వైద్యానికి లోటు రాదు అని ఆ కాగితంలోనే ఉంది. నేను చదివినాను. చెప్పలేదు.

ఆ 'చిన్న పరిశోధన' ఏమిటో తరవాత తెలుసుకున్నాను. దానికిచ్చే డబ్బును పైలట్ గ్రాంటు అంటారు. మావైపు కొత్త టమోటా రకం వస్తే పొలమంతా నాటరు, రెండు సాళ్లు నాటి చూస్తారు. ఇదీ అంతే. కొద్ది డబ్బుతో, కొద్దిమంది మీద, తక్కువ గడువులో ఆలోచన నిలుస్తుందా అని చూడటం. నిలిస్తే పెద్ద గ్రాంటుకు దరఖాస్తు పెడతారు. కేంద్ర ప్రభుత్వ సంస్థ బైరాక్ కొత్త ఆలోచనలకు ఇచ్చే 'బిగ్' గ్రాంటు ఇలాంటిదే: 18 నెలలు, 50 లక్షల దాకా.

రెటీనాకు ఈ డబ్బు కావాలి, అందులో నాకు అనుమానం లేదు. చక్కెర జబ్బు రెటీనాలోని సన్నని రక్తనాళాలను పాడుచేస్తుంది. మొదట్లో నొప్పి ఉండదు, చూపూ తగ్గదు. తెలిసేసరికి ఆలస్యమవుతుంది. ఐసీఎంఆర్ 2023 లెక్క ప్రకారం మన దేశంలో 10 కోట్ల మందికి పైగా ఈ జబ్బు ఉంది. ఫోటో చూసి రెటీనా జబ్బును పట్టే గూగుల్ ప్రోగ్రాం గురించి 2016లో ప్రకటించినారు. దానికి నేర్పడానికి వాడినవి 1,28,175 ఫోటోలు, అమెరికాలోనూ మన దేశంలోని మూడు కంటి ఆసుపత్రులలోనూ తీసినవి. అంటే ఇలాంటి పరిశోధనకు మూలధనం డబ్బు ఒక్కటే కాదు, మన అవ్వల కళ్లు కూడా.

అందుకే నేననేది ఇది. పైలట్ గ్రాంటుకు దరఖాస్తు రాసేవాళ్లు ఖర్చుల పట్టికలో కెమెరా, చుక్కల మందు, జీతాల పక్కన భాషకూ ఒక వరుస పెట్టాలి. అనువాదం చేసే మనిషికి కూలి, చదివి వినిపించేందుకు సమయం. పాల్గొనే మనిషికి అర్థమయ్యే భాషలోనే సమ్మతి తీసుకోవాలని ఐసీఎంఆర్ 2017 నియమావళి చెప్తుంది. రాష్ట్ర భాషలో అచ్చువేస్తే సరిపోయిందని అనుకుంటే హోసూరు, కృష్ణగిరి వైపు చాలా ఇళ్లలో మాట్లాడేది తెలుగో కన్నడమో అన్న సంగతి మరిచినట్టే.

ఉన్నదే కొంచెం డబ్బు, దాంట్లో ఇదొకటా అని అడగవచ్చు. కానీ ఏది చెడిపోతుందో ముందే తెలుసుకోవడానికే కదా పైలట్! ఏంటికి వచ్చినామో తెలియని మనిషి రెండోసారి రాదు. మా అవ్వా ఆరు నెలల తరవాత రమ్మంటే పోలేదు. "ఒకసారి తీసినారు కదా" అనింది. పది మందితో ఉన్నప్పుడు ఆ కాగితాన్ని దిద్దడం సులభం. పదివేల మందిని చేర్చుకున్నాక కష్టం.

ఇక మన పని. మన డిపార్ట్‌మెంటులో అనువాదం మీద అసైన్‌మెంటు రాస్తాము, మార్కులు వేయించుకొని మూట కట్టి పెడతాము. ఈసారి ఇలాంటి సమ్మతి పత్రం ఒకదాన్ని మన ఊరి తెలుగులో రాద్దాము. రెటీనాకు పాఠ్యపుస్తకం మాట నేత్రపటలం. నేను అవ్వతో 'కంటి వెనక ఉండే తెర' అన్నాను, అప్పుడు తలాడించింది. రాసినది ముందు ఇంట్లో పెద్దవాళ్లకు చదివి, ఏం అర్థమైందో వాళ్లనే చెప్పమని అడుగుదాము.

నేను మొదలుపెట్టినాను. ఒక పేజీ అయింది. మిగతా మూడింటికి తోడు కావాలి, రెండో సంవత్సరం క్లాసులో ఉంటాను, రండి.