చేరినవాళ్ళు ఎందరు, గట్టెక్కినవాళ్ళు ఎందరు?

మే నెలాఖరులో రెంటచింతల సెంటర్‌లో నిలబడితే కంటికి ఆనేవి రెండే. ఒకటి ఎండ, రెండోది ఫ్లెక్సీలు. మా ఊరి ఎండ సంగతి రాష్ట్రమంతా ఎరుగును, దాని గురించి మేము రాయనక్కర్లేదు. ఫ్లెక్సీల గురించే రాయాలి. ఇంటర్ కాలేజీలవి, డిగ్రీ కాలేజీలవి, ఇంజనీరింగు, నర్సింగు కాలేజీలవి. ఒక్కోదాని మీద ముప్పై, నలభై మొహాలు, మొహం కింద మార్కులు, అన్నిటికీ పైన పెద్ద అక్షరాల్లో "98 శాతం ఉత్తీర్ణత". వాటి కింద నిలబడి మన పిల్లలు తలలెత్తి చూస్తుంటారు. ఆ పక్కనే వాళ్ళ నాన్న సంచిలో టెన్త్ మెమో, కుల ధ్రువీకరణ పత్రం, ఆధార్ పెట్టుకుని నిలబడి ఉంటాడు.

ఆ 98 అబద్ధం కాదు. అబద్ధమైతే మనం ఎప్పుడో పట్టుకునేవాళ్ళం. అది నిజం, కానీ వేరే ప్రశ్నకు జవాబు.

లెక్కల మాస్టరు పిల్లలకు చెప్పినట్టే చెబుతాం. ఒక కాలేజీలో మొదటి సంవత్సరం 60 మంది చేరారు అనుకోండి. మధ్యలో 20 మంది పోయారు. చివరి సంవత్సరం పరీక్షకు కూర్చున్నవాళ్ళు 40, పాసైనవాళ్ళు 38. కాలేజీ వేసుకునే శాతం 95, ఎందుకంటే వాళ్ళు 38ని 40తో భాగించారు. తండ్రి వేయాల్సిన శాతం 63, ఎందుకంటే ఆయన తన పిల్లను పంపేది చివరి సంవత్సరం పరీక్ష హాలుకు కాదు, మొదటి సంవత్సరం మొదటి రోజు తరగతికి. ఆయన భాగించాల్సింది 60తో. మధ్యలో పోయిన ఆ ఇరవై మంది ఏ ఫ్లెక్సీ మీదా ఉండరు. మన కులాల పిల్లలు చాలామంది ఆ ఇరవైలోనే ఉంటారు.

మేము ఊహించి రాయడం లేదు. మేమంటే తండా నుంచి, చెంచు గూడెం నుంచి, ఎరుకల, యానాది వాడల నుంచి వచ్చి, టీచర్ ట్రైనింగ్ చేసి, పల్నాటి బడుల్లో ఇరవై ఏళ్ళుగా సుద్దముక్క పట్టుకున్నవాళ్ళం. కొన్నేళ్ళ కిందట ఒకే తండా నుంచి ఏడుగురు ఒకే కాలేజీలో డిగ్రీ చేరారు. ఆ కాలేజీ పీఆర్వో మా బడికే వచ్చాడు. ఫీజు ప్రభుత్వం కడుతుంది, బస్సు మేమే పంపుతాం, మీరు ఒక మాట చెప్పండి చాలు సార్ అన్నాడు. మేము చెప్పాం. ఒక్కో పిల్లకు ఇంత అని కవరు ఇచ్చే అలవాటు వాళ్ళకుంది, మాలో కొందరు ఆ కవరు పుచ్చుకున్నారు కూడా. ఈ మాట రాయకుండా మిగతాది రాస్తే అది దొంగరాత అవుతుంది.

రెండో సంవత్సరం సంక్రాంతికి ఆ ఏడుగురిలో ఇద్దరు మిగిలారు. ఒక పిల్లవాడు హైదరాబాదులో సెంట్రింగు పనికి పోయాడు. ఒక పిల్లకు మొదటి సెమిస్టర్‌లోనే నాలుగు సబ్జెక్టులు పోయాయి, ఇంట్లో పెళ్ళి చేశారు. ఇంకొక అమ్మాయి మాత్రం చదవగలిగిన పిల్ల. పత్తితీతకు, తర్వాత మిరపకోతలకు అమ్మతో పోయింది, హాజరు 75 శాతానికి తగ్గింది, స్కాలర్‌షిప్ జాబితాలో పేరు రాలేదు. ఫీజు మీరే కట్టాలన్నారు. కట్టలేక మానేస్తానంటే ఇంటర్ ఒరిజినల్స్ ఇవ్వమన్నారు. సర్టిఫికెట్లు ఆపిపెట్టుకోకూడదని యూజీసీ 2018 అక్టోబరులోనే నోటిఫికేషన్ ఇచ్చింది. ఆ సంగతి అప్పుడు ఆ పిల్లకు తెలియదు. సిగ్గుతో చెబుతున్నాం, మాకూ తెలియదు. వాళ్ళ నాన్న మా దగ్గరికొచ్చి ఒకటే మాటన్నాడు. "సారూ, మీరు చెప్పారనే గదా పంపించా."

ఆ ఏడాది కూడా ఆ కాలేజీ ఫ్లెక్సీ మీద అంకె 95కి తగ్గలేదు. తగ్గదు. పోయిన అయిదుగురూ పరీక్ష రాయలేదు కాబట్టి ఫెయిలూ కాలేదు.

ప్రభుత్వాలేమైనా వేరేగా లెక్కేస్తాయా అంటే అదీ అంతంతమాత్రమే. కాలేజీలకు గ్రేడులిచ్చే న్యాక్ సంస్థ రెండు సంగతులడుగుతుంది. రిజర్వేషన్ సీట్లు ఎన్ని నింపారు అన్నది ఒకటి. చివరి సంవత్సరం పరీక్ష రాసినవారిలో పాసైనవారెందరు అన్నది రెండోది. మొదటి ప్రశ్నలో ఎస్టీ అన్న మాట ఉంది, రెండో ప్రశ్నలో లేదు. అంటే లోపలికి అడుగుపెట్టేటప్పుడు మనం ఎస్టీలం, మన తలకాయ లెక్కకు పనికొస్తుంది, కాలేజీకి మంచిపేరు తెస్తుంది. బయటికి పోయేటప్పుడు మాత్రం మనం ఎవరమో ఎవరికీ పట్టదు.

కేంద్రం 2016 నుంచి ర్యాంకులిచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ దీనికంటే కొంత నయం. అందులో పాల్గొనే కాలేజీ తన వివరాల పత్రాన్ని వెబ్‌సైట్‌లో పెట్టాలి. ఆ పత్రం ఫోనులోనే తెరవొచ్చు, ఇంటర్ చదివిన ఏ పిల్లైనా చదవొచ్చు. ఫలానా సంవత్సరం మొదటి ఏడాదిలో చేరినవారు ఎందరు, నిర్ణీత కాలంలో పట్టా పొందినవారు ఎందరు అని పక్కపక్కనే రెండు గడులుంటాయి. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే అసలు శాతం మీ చేతికొస్తుంది. ఇంజనీరింగు అయితే ఒక మెలిక ఉంది. పాలిటెక్నిక్ నుంచి ఈసెట్ రాసి నేరుగా రెండో ఏడాదిలో చేరేవాళ్ళకు వేరే గడి ఉంటుంది. వాళ్ళను కూడా చేరినవాళ్ళలో కలపండి. కలపకపోతే మొదటి ఏడాది పోయినవాళ్ళ ఖాళీని వాళ్ళు నింపేసి, ఎవరూ పోనట్టే కనిపిస్తుంది. ఆ పత్రంలోనూ ఒక లోపముంది. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలను ఒకే గడిలో కుప్పపోశారు. నల్లమల అంచున ఉన్న చెంచు పిల్లవాడు, పట్నంలో వ్యాపారమున్న ఓబీసీ పిల్లవాడు అందులో ఒకే అంకె.

విడదీసి చూస్తే ఏం కనిపిస్తుందో ఒకసారి బయటపడింది. 2023 డిసెంబరులో కేంద్ర విద్యాశాఖ లోక్‌సభకు జవాబిచ్చింది. అంతకు ముందు అయిదేళ్ళలో కేంద్రీయ విశ్వవిద్యాలయాలు, ఐఐటీలు, ఐఐఎంలు విడిచిపోయిన ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ విద్యార్థులు 13,626 మంది. కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో ఎస్సీలు 2,424 మంది పోతే, ఎస్టీలు 2,622 మంది పోయారు. ఎస్సీ రిజర్వేషన్ 15 శాతం, మనది 7.5. సీట్లు సగం, పోయినవాళ్ళు మాత్రం ఎక్కువ. ఈశాన్య రాష్ట్రాల విశ్వవిద్యాలయాల్లో గిరిజన విద్యార్థులే ఎక్కువ కదా, రెంటినీ నేరుగా పోల్చకూడదు అనేవారుంటారు. న్యాయమైన మాటే. అందుకే చేరిన ఎస్టీలెందరు, మిగిలిన ఎస్టీలెందరు అని ఒక్కో సంస్థకు విడివిడిగా చెప్పమంటున్నాం. అమెరికాలో 1990లో తెచ్చిన ఒక చట్టం ప్రకారం కాలేజీలు చేరినవారిలో ఎందరు పూర్తిచేశారో చెప్పాలి. జాతుల వారీగా, అక్కడి మూలవాసులకు విడిగా కూడా చెప్పాలి. అంతమాత్రాన అక్కడి మూలవాసుల పిల్లలంతా గట్టెక్కారని కాదు. కనీసం దాచడం కష్టమైంది.

ఇంతమంది ఎందుకు పోయారంటే, పిల్లలకు అవకాశాలు ఎక్కువ, ఒకచోటి నుంచి ఇంకోచోటికి మారుతుంటారని ప్రభుత్వం అన్నది. మిరప కల్లంలో తొడిమలు తీస్తున్న మా పిల్ల ఏ అవకాశం కోసం మారిందో వాళ్ళే చెప్పాలి. 2020 జాతీయ విద్యావిధానం ఇంకో అడుగు ముందుకేసింది. ఏడాది చదివి పోతే సర్టిఫికెట్, రెండేళ్ళకు పోతే డిప్లొమా అట. ఉన్నవాడికి అది వెసులుబాటే. మనకు మాత్రం, నిన్నటి దాకా చదువు మానేశారు అనేవాళ్ళు, రేపట్నుంచి ఎగ్జిట్ అయ్యారు అంటారు. చేతిలో ఆ ఏడాది కాగితం పట్టుకుని ఏ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాలో ఎవరూ చెప్పలేదు.

పిల్లలది తెలివితక్కువతనం, తల్లిదండ్రులది నిర్లక్ష్యం అనే మాట స్టాఫ్‌రూముల్లో మేము రోజూ వింటాం. ఇంట్లో గోర్ బోలీయో ఎరుకల భాషో మాట్లాడి, బడిలో తెలుగు నేర్చి, పదిహేడేళ్ళకు కాలేజీలో కాలుపెడితే, 2021–22 నుంచి డిగ్రీ అంతా ఇంగ్లీషు మాధ్యమమే అన్నారు. అది ఆ పిల్లకు మూడో భాష. మొదటి సెమిస్టర్‌లోనే నాలుగు సబ్జెక్టులు పోతే ఆ కాలేజీ ఏం చేసింది? ఎవరైనా పిలిచి కూర్చోబెట్టారా? హాస్టల్ దొరికిందా? స్కాలర్‌షిప్ ఆలస్యమైతే హాల్‌టికెట్ ఆపారా, ఇచ్చారా? ఒక కాలేజీలో మన పిల్లలు నిలబడటం, మరోదానిలో నిలబడకపోవడం పిల్లల పుట్టుకలో లేదు, ఈ పనుల్లో ఉంది. అందుకే నిలుపుదల శాతం పిల్లల మార్కు కాదు, కాలేజీ మార్కు.

అలాగని శాతం ఎక్కువున్న ప్రతి కాలేజీ మంచిదీ కాదు. ముందే మార్కులు చూసి ఏరుకున్నవాళ్ళకు శాతం ఎక్కువే వస్తుంది. చూచిరాతలు జరిగినచోటా ఎక్కువే వస్తుంది, అది ఈ ప్రాంతంలో ఎవరికీ వివరించనక్కర్లేదు. ఎవరినీ కాదనకుండా చేర్చుకునే ప్రభుత్వ డిగ్రీ కాలేజీకి శాతం తక్కువ రావచ్చు. అది చేస్తున్న మేలు ఆ అంకెలో కనపడదు. కాబట్టి తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా, మొత్తం శాతం దగ్గర ఆగకండి. మీలాంటివాళ్ళు, మీ మార్కులతో, మీ మాధ్యమం నుంచి వచ్చినవాళ్ళు మూడేళ్ళ కిందట ఎందరు చేరారో, ఇప్పుడు ఎక్కడున్నారో అడగండి. ప్రభుత్వ కాలేజీ చెప్పకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. పది రూపాయల రుసుముతో దరఖాస్తు పెడితే ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. ప్రైవేటు డిగ్రీ కాలేజీ చెప్పకపోతే దానికి అనుబంధమిచ్చిన నాగార్జున విశ్వవిద్యాలయాన్ని అడగండి. పరీక్ష ఫీజులు కట్టించుకునేది, పట్టాలిచ్చేది వాళ్ళే. ఎవరు ఎక్కడ ఆగిపోయారో వాళ్ళ దగ్గర ఉంటుంది.

తోటి టీచర్లకు ఒక మాట. మన హాజరుపట్టీలు మాత్రం ఏం తక్కువ తిన్నాయి? మిరపకోతలకు తల్లిదండ్రుల వెంట పోయిన పిల్ల పేరు కొట్టేస్తే పైవాళ్ళు సంజాయిషీ అడుగుతారని, నెలల తరబడి ఆ పేరు అలాగే ఉంచినవాళ్ళం మనం. కాలేజీ మీద వేలు చూపేముందు ఆ పట్టీ తెరవాలి.

మేము మొన్నటి నుంచి రెండు వందల పేజీల నోటుబుక్కు ఒకటి పెట్టాం. మా బడి దాటి పోయిన ప్రతి గిరిజన పిల్లకు ఒక వరుస. ఎక్కడ చేరింది, ఏ నెలలో ఆగింది, ఎందుకు ఆగింది, పూర్తి చేసిందా. ఆగిన నెల గడిలో ఎక్కువసార్లు రాసినవి జనవరి, ఫిబ్రవరి. కోతల కాలం. పోయిన జూన్‌లో పీఆర్వో మళ్ళీ వచ్చాడు. కరపత్రాలు బల్ల మీద పెట్టాడు. ఆ నోటుబుక్కు తెరిచి, మీ కాలేజీలో చేరిన మా పిల్లల్లో ఎందరు పట్టా తీసుకున్నారో ఈ గడుల్లో రాయండి అన్నాం. ఆ లెక్క ఆఫీసులో ఉంటుంది సార్, కనుక్కుని ఫోన్ చేస్తా అన్నాడు. ఇంకా చేయలేదు. ఆ ఏడుగురి పేజీలో ఒకరి చివరి గడి నిండింది. రెండో అమ్మాయికి రెండు సబ్జెక్టులు మిగిలాయి. ఆ అమ్మాయి పరీక్ష ఫీజుకు ఆఖరు తేదీ వచ్చే సోమవారం.