ఒకే పేట – రెండు పత్రాలు

మొన్న ఆదివారం ప్రార్థన ముగించుకుని వస్తూ మా పక్కింటి మేష్టారు మా అరుగు మీద కూర్చున్నారు. చేతిలో మనుమడి దరఖాస్తు కాగితం.

"ఏమండీ, దేశంలో మేమెందరం, సిక్కులెందరు?" అన్నారు.

"2011 జనాభా లెక్కల్లో క్రైస్తవులు నూటికి 2.3, సిక్కులు 1.7" అన్నాను.

"మేమే ఎక్కువ గదా! మరి పలుకుబడి వారికెందుకండీ?"

నాకు తోచింది చెప్పాను. సిక్కులు ఒక్కచోట కుదురుకున్నవారు. పంజాబులో నూటికి 58 మంది వారే. 1966లో ఇప్పటి పంజాబు ఏర్పడింది మొదలు ముఖ్యమంత్రులందరూ సిక్కులే. మన్మోహన్ సింగ్ పదేళ్ళు ప్రధానిగా ఉన్నారు. క్రైస్తవులో, దేశమంతటా చెదిరి ఉన్నారు. నాగాలాండ్, మిజోరం, మేఘాలయలలో వారే ఎక్కువ. కాని ఆ మూడిటికీ కలిపి లోక్‌సభలో నాలుగు స్థానాలు. పంజాబు ఒక్కదానికే 13!

"పలుకుబడి సంగతి అలా ఉంచండి. ఈ కాగితం మాటేమిటి?" అన్నారాయన. "మా అన్నగారి మనుమడూ, మావాడూ ఒకే పేటలో పుట్టారు. వాడు రామాలయానికి పోతాడు, షెడ్యూల్డు కులం. మావాడు చర్చికి వస్తాడు, బి.సి.–సి."

1949 నాటి సంగతి జ్ఞాపకం వచ్చింది. మతాన్ని బట్టి చట్టసభల్లో ప్రత్యేక స్థానాలు వద్దని ముందుగా తీర్మానం పెట్టినవాడు క్రైస్తవుడైన హరేంద్రకుమార్ ముఖర్జీ. సిక్కు నాయకులూ సరేనన్నారు. అయితే తమలోని దళితులకు హిందూ దళితులతో సమానంగా సౌకర్యాలుండాలని పట్టుబట్టారు. 1950 ఉత్తరువులో నాలుగు సిక్కు కులాలు చేరాయి. 1956లో తక్కిన సిక్కు దళితులూ, 1990లో బౌద్ధులూ చేరారు. క్రైస్తవులకు ఆ తలుపు తెరుచుకోలేదు.

"క్రైస్తవంలో కులం లేదు గదా మేష్టారూ, అదీ కారణం" అన్నాను.

"సిక్కు మతంలో ఉందా?"

నేను మాట్లాడలేదు.

"గురువులూ లేదన్నారు, ప్రభువూ లేదన్నాడు. ఉందనేది ఊరు. మావాడు చర్చికి వెళ్ళాడని వాణ్ణి ఊరు వేరుగా చూస్తుందేమో మీరే చెప్పండి."

లోపలినుంచి మా ఆవిడ కాఫీ తెచ్చింది. మేష్టారు ఒక్క గుక్కలో తాగి, నా కలం అడిగి పుచ్చుకున్నారు. కులం అన్నచోట బి.సి.–సి అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాశారు. నలభయ్యేళ్ళు పిల్లలకు చేతిరాత దిద్దించిన చెయ్యి గదా!

తలలు లెక్కపెట్టి పలుకుబడి కొలవడం సులువే. ఒకే పేటలోని ఇద్దరు కుర్రవాళ్ళకు రెండు పత్రాలు ఎందుకో చెప్పమంటేనే నాబోటివాడికి మాట పెగలడం లేదు.