జీపు కింద మరక

జీపు లేని దొంగల ముఠాని మీరు సినిమాలో ఎప్పుడైనా చూశారా? నేను చూడలేదు. ఇన్‌స్పెక్టరుకు జీపు, ఎస్టేటు యజమానికి జీపు, పట్నంలో చదువు ముగించుకుని పల్లెకు వచ్చే కథానాయకుడికీ జీపే. అందుకేనేమో ఫిలింనగర్ సందుల్లో ఇప్పటికీ ఒకటో అరో పాత జీపు రేకుల షెడ్డులో కునుకు తీస్తూ, షూటింగు పిలుపు రాగానే రంగు పూయించుకుని బయలుదేరుతూ ఉంటుంది. మహీంద్రా వారు విల్లీస్ జీపుల్ని మన దేశంలో బిగించడం మొదలుపెట్టింది 1947లో. అమెరికాలో 1953లో వచ్చిన సి.జె.3బి అనే ఎత్తు ముక్కు జీపు అక్కడ 1968లో ఆగిపోయినా, ఇక్కడ మాత్రం ఆ తరువాత కూడా చాలాకాలం తయారయింది. ముక్కు అంత ఎత్తు ఎందుకంటే, కొత్త ఇంజను పాత బానెట్టు కింద పట్టలేదు. అంతకుమించి అందులో అందం కోసం చేసిందేమీ లేదు.

ఈ వారం సంగతి అటువంటి జీపుదే. దాన్ని షూటింగులకు అద్దెకిచ్చి సంసారం నడుపుకునే ఒకాయన నాకు ఫోను చేశాడు.

"బాబాయిగారూ, ముందు ఎడమ చక్రం లోపలివైపంతా నూనె. వర్క్‌షాపులో ఇరుసు మొత్తం మార్చాలంటున్నారు. అంత డబ్బెక్కడ తేను? సోమవారం షూటింగుంది."

"బ్రేకు వేస్తే ఏ పక్కకి లాగుతోంది?"

"కుడి పక్కకి. స్టీరింగు గట్టిగా పట్టుకుంటే సరిపోతుందని మా డ్రైవరు అంటున్నాడు."

ఆ మాట వినగానే నాకు డబ్బు సంగతి వెనక్కి పోయింది. ఎడమ బ్రేకుకి నూనె అంటితే అది జారుతుంది, కుడిది పట్టుకుంటుంది. బండి కుడికి తిరుగుతుంది. ఇక షూటింగులో జరిగేదేమిటి? జీపు దుమ్ము రేపుకుంటూ వాలు దిగివచ్చి, సుద్దతో గీసిన గుర్తు దగ్గర టక్కున ఆగాలి. ఆ గుర్తుకి నాలుగడుగుల అవతల కెమెరా, దాని వెనక నలుగురు మనుషులు. "సంగతి తేలేదాకా బండి కదపకండి" అని చెప్పి వెళ్ళాను.

మొదట తేల్చుకోవలసింది, కారేది ఏమిటన్నది. చక్రం దగ్గర కారగలిగినవి రెండు: ఇరుసులోని గేరు ఆయిలు, బ్రేకు ఆయిలు. రెండోదాన్ని ఆయిలని పిలుస్తామే గాని, మామూలుగా వాడే రకం నూనె జాతిది కాదు, నీళ్ళలో కలిసిపోతుంది. గేరు ఆయిలు నీళ్ళమీద తేలుతుంది. కాబట్టి ఒక గాజు గ్లాసులో నీళ్ళు పోసి చుక్క వేస్తే చాలు. (తరువాత ఆ గ్లాసు మళ్ళీ వంటింట్లోకి రాకూడదు సుమండీ. బ్రేకు ఆయిలు విషం.) గేరు ఆయిలుకి గంధకం కంపు కూడా ఉంటుంది, ఒకసారి పీలిస్తే మరిచిపోరు. మా గ్లాసులో చుక్క తేలింది. బ్రేకు గొట్టాలు నిక్షేపంగా ఉన్నాయన్నమాట; నూనె ఇరుసులోనిదే.

మరి ఎక్కడినుంచి? తడి కనిపించిన చోటే తూటు ఉందనుకోవడం సాధారణంగా జరిగే పొరపాటు. పరుగులో గాలి నూనెని వెనక్కి తోస్తుంది, నిలిపినప్పుడు అది కిందికి జారుతుంది. అందుచేత శుభ్రంగా కడిగి, ఆరబెట్టి, ముఖానికి రాసుకునే పౌడరు పలచగా చల్లి, బండిని సమతలం మీద మెల్లగా కాస్త నడిపి చూడాలి. అన్నిటికంటే పైన ఎక్కడ పౌడరు నల్లబడిందో అక్కడే జబ్బు మొదలు. ఫిలింనగర్‌లో పౌడరుకు కరువేముంది!

ఈ జీపుల్లో ముందు ఇరుసు చివర ఒక ఇనుప గుండు ఉంటుంది. చక్రం తిరిగేది దానిమీదనే. ఇరుసు మధ్యనున్న పళ్ళచక్రాల పెట్టెలో 1.2 లీటర్ల దాకా నూనె పడుతుంది. గొట్టంలోని సీలు అరిగితే ఆ నూనె గుండులోకి వస్తుంది; గుండుని తుడిచే సీలు దాటితే బయటికి కారుతుంది, హబ్బు సీలు దాటితే బ్రేకు డ్రమ్ములోకి చేరుతుంది. గుండుమీద పలచగా జిడ్డు ఉండటం తప్పు కాదు, ఉండాలి కూడా. ధారలు కట్టితేనే రోగం. మేము గుండు మరలు విప్పితే చిక్కటి గ్రీజు ఉండవలసిన చోట పలచని నూనె బొళుక్కున వచ్చింది. లోపలి సీలు పోయిందని తెలియడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కరలేదు.

అయితే సీలు మార్చేసి ఊరుకుంటే నెల తిరక్కుండా మళ్ళీ కారేది. కారణాలు రెండు దొరికాయి. ఇరుసుపెట్టె నెత్తిన ఊపిరి పీల్చే చిన్న బిరడా ఒకటి ఉంటుంది. అది ఎర్రమట్టితో పూడిపోయింది. ఇరుసు వేడెక్కితే లోపలి గాలి వ్యాకోచించి, బయటికి దారిలేక సీళ్ళని తోస్తుంది. అలాంటి వేడి ఇరుసు వాగులో దిగిందా, చప్పున చల్లబడి అదే సీళ్ళగుండా నీళ్ళని లోపలికి లాక్కుంటుంది. అప్పుడు నూనె పాలు కలిపిన కాఫీలా మారుతుంది, బేరింగులు తుప్పు పడతాయి. అదృష్టం, ఇక్కడ నూనె రంగు మారలేదు.

రెండో కారణం జూబిలీహిల్సే! రాళ్ళగుట్టల మీద వెలసిన ఈ పేటలో సమతలం దొరకడం కష్టం. నూనె మట్టం చూడటానికి పెట్టెకి ఒక రంధ్రం ఉంటుంది, దాని అంచుదాకా పోయాలి. బండి వాలుమీద ఉండగా పోస్తే లెక్క తప్పుతుంది. ఈయన షెడ్డు ఎడమకి ఏటవాలు. అక్కడే పోసినందున నూనె ఎక్కువైంది. ఎక్కువైనదంతా రాత్రంతా ఎడమ సీలుమీదే కూర్చుంది.

చివరికి మార్చినవి ఎడమవైపు సీళ్ళు, ముందరి రెండువైపులా బ్రేకు లైనింగులు. నూనె తాగిన లైనింగుని పెట్రోలుతో కడిగి మళ్ళీ బిగించమంటారు కొందరు మేస్త్రీలు. ఒప్పుకోకండి, వేడెక్కగానే లోపలి నూనె మళ్ళీ ఊరుతుంది. ఒకవైపే మార్చినా పట్టు సమానంగా ఉండదు. గుండు నున్నగా ఉంది గనక బతికిపోయాడు. తుప్పు గుంటలుంటే కొత్త సీలుని రంపంలా కోస్తుంది. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే వదులూ కనిపించలేదు. ఇరుసు మార్చే అవసరమే లేకపోయింది. డ్రైవరు మాత్రం ఇప్పటికీ స్టీరింగు గట్టిగా పట్టుకోవడమే నయమంటున్నాడు.

కొత్త బండ్లవారు కూడా అడుగుతారు కాబట్టి ఒక మాట. 2023లో మన మార్కెట్టులోకి వచ్చిన మారుతి జిమ్నీకి ముందు ఇదే పద్ధతి ఇరుసూ గుండూ ఉన్నాయి, పైన చెప్పినదాంట్లో చాలావరకు దానికీ వర్తిస్తుంది. 2020లో వచ్చిన థార్‌కి ముందు చక్రాలు దేనికది ఊగుతాయి, ఈ గుండు ఉండదు. దానికి చక్రం లోపలివైపు నల్లగ్రీజు చిమ్మినట్టు కనిపిస్తే ముందుగా మడతల రబ్బరు తొడుగు చినిగిందేమో చూడండి. తొందరగా చూస్తే తొడుగుతో, గ్రీజుతో పోతుంది. ఇసుక చేరాక చూస్తే కీలు కూడా కొనాలి.