"వెళ్ళాక చూసుకుందాం" అంటే చూసుకునేది ఎవరు?

ఊరెళ్ళే ముందు మగవాళ్ళు మహా ధీమాగా అనే మాట ఒకటుంది. "రూముదేముంది, వెళ్ళాక చూసుకుందాం." మా ఇంట్లో అంటారు, మీ ఇంట్లోనూ అంటారని నాకు తెలుసు. నేను ఈ మాటకి పూర్తిగా వ్యతిరేకిని. పిల్లలో, పెద్దవాళ్ళో వెంట ఉన్నప్పుడు గది ఖాయం కాకుండా గడప దాటకూడదు.

అసలు వెళ్ళాక ఏం జరుగుతుందో చూడండి. తెల్లవారుజామున రైలు దిగుతాం. "మీరిక్కడే ఉండండి, ఇప్పుడే వస్తా" అని ఆయన వెళ్తారు. ఆ "ఇక్కడే" అంటే స్టేషన్ బయట, ఆటోల మధ్య. నాలుగు బ్యాగులు, నిద్ర కళ్ళతో పిల్లలు, మోకాళ్ళు పట్టేసిన అత్తగారు. రైల్లో బాత్రూముకి వెళ్ళలేక రాత్రంతా మంచినీళ్ళు కూడా సరిగ్గా తాగకుండా వచ్చిన మనం. సామాను వదిలి అడుగు కదపలేం. నెలసరి రోజులైతే ఇక చెప్పనే అక్కర్లేదు. ఆయన మాత్రం నాలుగు లాడ్జీలు తిరిగి, మధ్యలో ఓ టీ తాగి, గంటన్నరకి వస్తారు. పైగా "ఎంత తిరిగానో తెలుసా" అంటారు!

వెళ్ళి బేరమాడితే చవకట. ఊరు ఖాళీగా ఉన్న రోజుల్లో అది నిజమే కావచ్చు. కానీ మనం వెళ్ళేదెప్పుడు? పిల్లలకి సెలవులున్నప్పుడు, అంటే ఊరంతా బయల్దేరినప్పుడే. పౌర్ణమి నాడు అరుణాచలంలో, డిసెంబరు చలిలో అరకులో బేరమాడి చూడమనండి. పిల్లల్తో, సామానుతో నిలబడ్డవాళ్ళు ఇంకెక్కడికీ పోలేరని కౌంటర్లో కూర్చున్నవాడికి మనకంటే బాగా తెలుసు. ఒకవేళ మూడొందలు తగ్గిందే అనుకుందాం. మనం రోడ్డు మీద కూర్చున్న గంటన్నరకి అదేనా ఖరీదు?

కళ్ళతో చూసి తీసుకోవచ్చంటారు. ఏం చూస్తారు? మంచం, ఫ్యాను, టీవీ. బాత్రూము గడియ పడుతుందా, కిటికీ సరిగ్గా మూసుకుంటుందా, కొళాయిలో నీళ్ళొస్తున్నాయా అని చూసొచ్చిన మగవాణ్ణి నేనింతవరకూ చూడలేదు.

తిరుమల సంగతే తీసుకోండి. కొండ మీద దేవస్థానం గదుల్ని నెలల ముందే ఆన్‌లైన్‌లో ఇస్తారు. అప్పుడు తీసుకోనివాళ్ళు కొండెక్కాక సీఆర్వో ఆఫీసు దగ్గర పేరు రాయించుకుని, వంతు వచ్చేదాకా చూడాలి. గది దొరక్కపోయినా యాత్రికుల వసతి సముదాయాల్లో హాళ్ళున్నాయి, ఉచితంగా లాకర్లున్నాయి, కాదనను. హాల్లోనే ఉందామని ముందే అనుకుని, అందుకు తగ్గట్టు దుప్పటీ, చిన్న బ్యాగూ సర్దుకుని వెళ్ళడం వేరు. ఏమీ అనుకోకుండా వెళ్ళి, ముసలావిడని క్యూ పక్కన నేల మీద కూర్చోబెట్టడం వేరు.

"బుక్ చేసినా మోసం జరగదా" అని అడుగుతారు. జరుగుతుంది. ఒక ఊళ్ళో మాకే జరిగింది. యాప్‌లో డబ్బు కట్టి వెళ్తే "మాకేం రాలేదండీ" అన్నారు. దానికి మందు బుకింగ్ మానేయడం కాదు, ముందు రోజు హోటలుకి ఫోన్ చేయడం. పేరు చెప్పి గది ఉందని అనిపించుకోవాలి. లిఫ్టు ఉందా, వెస్టర్న్ టాయిలెట్ ఉందా, వేడినీళ్ళు ఎన్నింటిదాకా వస్తాయి, అడగాలి. మనం పొద్దున ఆరింటికి దిగితే, మధ్యాహ్నం పన్నెండింటికి గానీ గది ఇవ్వమనే హోటలు మనకెందుకు? ఇరవై నాలుగ్గంటల చెకౌట్ ఉన్నది వెతకాలి. నాలుగు గంటలు నడుం వాల్చి స్నానం చేస్తే చాలనుకుంటే, చాలా పెద్ద స్టేషన్లలో రిటైరింగ్ రూములున్నాయి. కన్ఫర్మ్ టికెట్ ఉంటే ఐఆర్‌సీటీసీలో ముందే తీసుకోవచ్చు, కొన్నిచోట్ల గంటల లెక్కన కూడా ఇస్తారు. కొన్ని సత్రాల్లో వెళ్ళాకే గది ఇస్తారు. ఆ సంగతైనా బయల్దేరకముందే తెలియాలి కదా!

ఇద్దరే, భుజానికో బ్యాగు, జనం లేని రోజులు అయితే హాయిగా వెళ్ళండి, వెతుక్కోండి. అది నిజంగా సరదానే. ఇద్దరూ కలిసి వెతుకుతారు కాబట్టి సరదా. ఒకరు తిరుగుతూ, మిగతావాళ్ళు కాపలా కాస్తూ ఉంటే దాన్ని సరదా అనరు.

నాకు అర్థం కానిది ఇంకొకటుంది. రైలు టికెట్ల కోసం ఇదే మనిషి అరవై రోజుల ముందు లెక్కపెట్టుకుని, పొద్దున ఎనిమిదింటికి ఫోన్ పట్టుకుని కూర్చుంటారు. కింద బెర్తు కావాలి, పక్క పక్కనే కావాలి. "రైలెక్కాక చూసుకుందాం" అని ఒక్కసారైనా అన్నారా? బెర్తు లేకపోతే ఇబ్బంది తనకీ ఉంటుంది మరి. అందుకే నేనంటాను, టికెట్ తీసిన చేత్తోనే గది కూడా తీయమనండి. ఇదీ మన నెత్తినే వేసుకోనక్కర్లేదు.

అప్పటికీ వినకపోతే, ఈసారి బ్యాగులూ పిల్లలూ ఆయన దగ్గరుంచి, "మీరిక్కడే ఉండండి, ఇప్పుడే వస్తా" అని మనం వెళ్దాం. మధ్యలో ఓ కాఫీ కూడా తాగుదాం. ఏమంటారు?